పరిశోధన పద్దు – ప్రజల ప్రశ్న

పరిశోధన నిధుల సంగతి గణాంకాధికారులకు సంబంధించిన విషయమని రచయితలు పక్కకు పెట్టడం సరికాదని నా అభిప్రాయం. దేనిమీద పరిశోధన జరగాలో నిర్ణయించే శక్తులే ఏ సత్యం వెలుగులోకి రావాలో కూడా చాలావరకు నిర్ణయిస్తాయి. ఈ సంగతి వరంగల్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, ప్రణాళికలకు కావలసిన ఇంజనీర్లను తయారుచేయడానికి పుట్టింది. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారింది. ఉస్మానియా పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రం నుంచి ఎదిగి 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు మీద ఆధారపడింది. ఊరు ఒకటే, ఖజానాలు రెండు. అయినా 2016లో తొలి జాబితా వెలువడిన జాతీయ ర్యాంకుల విధానం రెండింటినీ దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతుంది: ప్రాజెక్టులెన్ని, నిధులిచ్చిన సంస్థలెన్ని, వచ్చిన సొమ్మెంత? ఆ మొత్తాన్ని అంకెల్లోనే గాక అక్షరాల్లో కూడా రాయమంటుంది. ఆ పరిశోధన ఎవరి అవసరం కోసమని మాత్రం ఆ పట్టికలో అడగదు.

లెక్క వెనుక రాజకీయం ఉంటుందని ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కరలేదు. తెలంగాణ మిగులు నిధులపై 1969లో కుమార్ లలిత్ ఒక మొత్తం తేల్చారు, భార్గవ కమిటీ మరొక మొత్తం తేల్చింది. ఏ ఖర్చును ఏ పద్దులో వేయాలన్న దగ్గరే అసలు తగాదా ఉంది. ఆ లెక్కలను ప్రజల భాషలోకి తెచ్చినవారిలో ముఖ్యులైన ఆచార్య జయశంకర్ ఒకప్పుడు కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతి కావడం గమనించదగ్గది.

ఇక ప్రాధాన్యాల మాట. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిని, అప్పుల్లో మునిగిన రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదంలో పురుగు ఉంది, నకిలీ మందు ఉంది, వడ్డీ ఉంది, మార్కెట్ ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి కీటకశాస్త్రం ఎంత అవసరమో ఆర్థికశాస్త్రం, సాహిత్యం కూడా అంతే అవసరం. శాఖలవారీగా, నిధులిచ్చే సంస్థలవారీగా చీలిన పద్దులో ఇలాంటి సమస్యకు చోటేదీ?

మానవీయ శాస్త్రాల స్థితి మరింత దయనీయం. ఈ జిల్లాలోనే పుట్టిన బిరుదురాజు రామరాజు జానపద గేయాలపై చేసిన కృషి తెలుగు పరిశోధనకే కొత్త దారి వేసింది. పల్లె జనం నోట ఉన్న పాట దానికి ముడిసరుకు. అటువంటి కృషి విలువను వచ్చిన సొమ్ముతో కొలిస్తే మిగిలేది సున్నా.

2020-21లో దేశం పరిశోధనపై పెట్టిన ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. 2023 చట్టంతో ఏర్పడిన జాతీయ పరిశోధనా సంస్థకు అయిదేళ్లలో 50,000 కోట్లు సమకూరుస్తామని ప్రకటించినప్పుడు, అందులో పెద్ద భాగం ప్రభుత్వేతర వనరుల నుంచే వస్తుందన్నారు. డబ్బిచ్చేవాడు తనకు అక్కరలేని ప్రశ్న వేయిస్తాడా?

నిధులు పెంచమని అడగడం న్యాయమే, కాని అది చాలదు. ప్రతి విశ్వవిద్యాలయం ఏ సమస్యలను ఎంచుకున్నదో, వేటిని వదిలేసిందో, ఎందుకు వదిలేసిందో ఏటేటా తెలుగులో ప్రజల ముందుంచాలి. ఆ నివేదికను చదివి ప్రశ్నించే బాధ్యత సాహిత్య విద్యార్థులది కూడా.