మందడం దానం: మల్కాపురం శాసనంలోని ధర్మవ్యవస్థ

గుంటూరు జిల్లాలో కృష్ణానది దక్షిణపు గట్టుకు చేరువలో ఉన్న మల్కాపురంలో నిలిపిన రాతిస్తంభం మీద శక సంవత్సరం 1183లో, అంటే క్రీ.శ. 1261లో, చెక్కించిన సంస్కృత శాసనం కాకతీయ యుగపు విద్యాదానానికీ వైద్యదానానికీ లభించిన ఆధారాలన్నింటిలోను వివరమైనది. గణపతిదేవ చక్రవర్తి తన దీక్షాగురువైన విశ్వేశ్వర శివాచార్యునికి ఇస్తానని మాట ఇచ్చిన మందడం గ్రామాన్ని, వెలగపూడిని కూడా చేర్చి, చక్రవర్తి కుమార్తె రుద్రమదేవి ధారపోయగా, గురువు ఆ ఆదాయాన్ని సొంతానికి ఉంచుకోక ఏ విధంగా వినియోగించాడో ఈ శాసనం చెబుతుంది.

విశ్వేశ్వరుడు గౌడదేశంలోని దక్షిణరాఢకు చెందిన పూర్వగ్రామవాసి. డాహల మండలంలో కలచురి రాజుల ఆదరణతో వెలసిన గోళకీమఠపు గురుపరంపరలోనివాడు. మధ్యభారతంలో పుట్టిన ఈ శైవశాఖ శ్రీశైలం, త్రిపురాంతకం, పుష్పగిరి వంటి క్షేత్రాలలో వేళ్లూనడానికి రాజాదరణ తోడ్పడిన మాట నిజమే అయినా, దానిని నిలబెట్టినది మఠాల నిర్వహణ దక్షతేనని ఈ శాసనం చదివినవారికి తోచక మానదు.

ఆచార్యుడు ఆలయాన్ని, శుద్ధశైవ మఠాన్ని, అన్నసత్రాన్ని నిర్మించి, అరవై ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలను తెచ్చి నిలిపి, ఆ అగ్రహారానికి విశ్వేశ్వర గోళకి అని పేరు పెట్టాడు. ఆ కుటుంబాలకు ఇచ్చినది పోగా మిగిలిన ఆదాయాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి శివాలయానికి, ఒకటి మఠానికీ విద్యార్థుల పోషణకూ, మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి కేటాయించాడు. కాన్పుల కోసం ప్రత్యేకంగా ఒక శాలను ఏర్పరచి, దానికి శాశ్వతమైన రాబడిని కట్టబెట్టడం పదమూడవ శతాబ్దపు దానశాసనాలలో అరుదుగా కనిపించే విషయం.

బోధనకు ఋగ్యజుస్సామవేదాలకు ముగ్గురు, పదవాక్యప్రమాణాలకు, అంటే వ్యాకరణ మీమాంసా తర్కశాస్త్రాలకు, వాటితోపాటు సాహిత్యానికి, శైవాగమాలకు కలిపి మరో ఐదుగురు ఉపాధ్యాయులు నియమితులయ్యారు. ఆగమాలంటే ఆలయ నిర్మాణాన్ని, అర్చనను, దీక్షను నిర్దేశించే గ్రంథాలు. వీరితోపాటు ఒక వైద్యుడు, లెక్కలు వ్రాసే ఒక కాయస్థుడు కూడా పేర్కొనబడ్డారు. దానం చేయగానే ధర్మకార్యం ముగిసిందని భావించే దాతలకు కాయస్థుని అవసరం సాధారణంగా గుర్తుకు రాదు.

అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు ఎవరు వచ్చినా అన్నం పెట్టాలని శాసనం ఆదేశిస్తుంది. ఈ ఔదార్యాన్ని మెచ్చుకొనేటప్పుడు, అదే మఠంలో వేదశాస్త్రాల పాఠాలకు అంతటి విశాలమైన ఆహ్వానం లేదన్న వాస్తవాన్ని, ఈ ఏర్పాటంతటికీ మూలధనం ఆ ఊళ్ల రైతుల పంటేనన్న మాటను దాచడం చరిత్రకారునికి తగదు. అన్నం విషయంలో తొలగిన హద్దు విద్య విషయంలో తొలగలేదు.

అయినా ఆచార్యుని దూరదృష్టి అధికారవిషయంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మఠాధిపతి పదవిని వంశహక్కుగా విడిచిపెట్టక, శైవశాస్త్రాలలో పాండిత్యాన్ని, సత్ప్రవర్తనను అతనికి అర్హతలుగా విధించి, దారితప్పినవానిని తొలగించి మరొకరిని నియమించే అధికారాన్ని ఆయన శైవసమూహానికి అప్పగించాడు.