మెట్టలో వానలెక్కలు

కరువు అనగానే మన చరిత్ర పాఠాలు ఆకాశంవైపు వేలు చూపిస్తాయి. వానలు కురవలేదు, పంటలు పండలేదు, జనం చచ్చారు. యీ మూడు ముక్కలతో అధ్యాయం ముగుస్తుంది. యీ వాదంలో బలమెంతో చూడాలని జగ్గయ్యపేట, నందిగామలలో ఆంగ్లేయుల కాలంనాడు నమోదైన నెలవారీ వర్షపాతాన్ని నేను ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించాను. రెండూ పాత కృష్ణా జిల్లా మెట్టలోనివి. 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. నడుమ దూరం ఇరవై మైళ్ళ లోపే.

ముందు పరికరం సంగతి. అయిదంగుళాల నోరున్న గరాటు, దాని క్రింద ఒక సీసా. ఉదయం ఎనిమిది గంటలకు సీసాలో చేరిన నీటిని కొలగాజులో పోసి, అంగుళాలు, సెంట్లుగా వ్రాసుకోవాలి. ఆ గరాటు నోరు ఒక ఎకరంలో సుమారు 3,20,000వ వంతు. తాలూకాలోని ఊళ్ళన్నిటి తరఫునా సాక్ష్యం చెప్పేది ఆ గరాటే!

పట్టికలు చూస్తే రెండు ఊళ్ళూ కవలపిల్లల్లా కనిపిస్తాయి. జనవరి మొదలు మార్చివరకు గడులు దాదాపు ఖాళీ. సాలుకు కురిసే వానలో ఇంచుమించు మూడింట రెండు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. మిగిలినదానిలో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరులలో, అదీ బంగాళాఖాతంలో వాయుగుండం పుడితేనే. యీ పోలికను చూచి తృప్తిపడేవారు దొరతనంవారు. రైతు తృప్తిపడడు. అతని లెక్క నెలలతో కాదు, కార్తెలతో. కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. జులైలో ఒక ఊళ్ళో నాలుగంగుళాలూ ఒక్క రాత్రి కురిసి వాగుల పాలయ్యాయనుకోండి. రెండో ఊళ్ళో అవే నాలుగంగుళాలు పునర్వసులో కొంత, పుష్యమిలో కొంత పడి నేలలో ఇంకాయనుకోండి. పట్టికలో రెండూ ఒకటే అంకె. నల్లరేగడిలో వేసే పైరుజొన్నకు ఉత్తర, హస్త కార్తెల పదును ప్రాణం. హస్త సెప్టెంబరు చివర మొదలై అక్టోబరులోకి నడుస్తుంది. నెలవారీ పట్టిక దాన్ని సరిగ్గా నడిమికి కోసేస్తుంది.

సగటు అంకెమీద దొరతనానికి ఇంత మోజు ఎందుకు? వారి శిస్తూ సగటుమీదనే కట్టింది గనుక. మదరాసు రాజధానిలో రైత్వారీ బందోబస్తు చేసినప్పుడు పంట విలువలోంచి కాలవైపరీత్యాల క్రింద కొంత తగ్గించి, సేద్యపు ఖర్చులు తీసివేసి, మిగిలినదానిలో సగం సర్కారు వాటా అన్నారు. మంచి ఏడూ చెడ్డ ఏడూ ముందే కలిపివేశాం గనుక ఆపైన మెట్టపొలానికి వజా అడగరాదన్నారు, మహా కరువు వస్తే తప్ప. సగటు ఏడాదిలో రైతు బ్రతకడు. ఏ ఏడాది తిండి ఆ ఏడాదికి కావాలి. జమీందారీ గ్రామాల స్థితి మరీ దారుణం. 1802 శాశ్వత బందోబస్తులో పేష్కషు ఒకసారి నిర్ణయమైంది, వాన కురిసినా కురవకపోయినా. ఆ బరువు దిగేది రైతుమీదికే. నందిగామ తాలూకాలో చేరి, చుట్టూ నైజాం రాజ్యం ఆవరించిన మునగాల పరగణాలో 1930లలో జమీందారుమీద రైతులు లేచారంటే అది వానలెక్కల్లో దొరికే సంగతి కాదు.

ఇక అసలు పరీక్ష 1876–78 నాటి ధాత కరువు. రుతుపవనం మదరాసు రాజధానిని దెబ్బతీసింది. కాని 1855 నాటికి బెజవాడవద్ద ఆనకట్ట పూర్తయింది. కృష్ణ, గోదావరి డెల్టాలలో కాలువ క్రింద పంట నిలిచింది, ధాన్యం ఎగుమతి కూడా అయింది. అదే జిల్లాలో కాలువకంటె ఎత్తున ఉన్న మెట్టకు ఆ నీరు ఎక్కలేదు. కాబట్టి డెల్టాకూ మెట్టకూ తేడా గరాటులో వెతికితే ఏం లాభం? 1877లో రిచర్డు టెంపుల్ కరువుపనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, దానిపైన కొద్ది పైసలకు కుదించాడు. వానలేమి చేసిన పని కాదది. 1880 నాటి కరువు కమీషనే, యీ దేశంలో కరువంటే తిండికన్న ముందు పనికి వచ్చే కరువని ఒప్పుకొన్నది. డబ్ల్యు. డబ్ల్యు. హంటర్ మాత్రం 1877లో మదరాసు వానలెక్కలను సూర్యబింబంపై మచ్చలతో జోడించి కరువుల చక్రం కనిపెట్టబోయాడు!

వానలెక్కలు వ్యర్థమని నా అభిప్రాయం కాదు. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడింది. 1904లో దాని అధిపతిగా వచ్చిన గిల్బర్టు వాకర్, ఇలాంటి పట్టికలను ప్రపంచమంతటి పీడనపు లెక్కలతో పోల్చి దక్షిణాంధోళనాన్ని గుర్తించాడు. 1876–78 అనావృష్టికి పసిఫిక్ సముద్రపు ఎల్ నినోతో సంబంధముందని శాస్త్రజ్ఞులు చెప్పగలుగుతున్నారంటే, కచేరీ గుమాస్తాలు ఓపికగా వ్రాసిన సెంట్లు దానికి ఒక ఆధారం. వాన ఎందుకు తప్పిందో ఆ శాస్త్రం చెబుతుంది. గాదెలో గింజ ఉండగా కూలివాడు ఎందుకు చచ్చాడో చెప్పడం దాని పని కాదు, మన పని.

మెట్టకు కృష్ణనీరు అందడానికి 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం కావలసివచ్చింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమకాలువ చివర ఉన్నవారికి నీరు ఎంత వస్తుందన్నది వేరే వ్యాసం.

ఒక్క మాట మున్నేరును గురించి. నందిగామ ప్రక్కగా పారే యీ ఏరు 2023 జులైలోను, 2024 సెప్టెంబరులోను ఐతవరంవద్ద హైదరాబాదు–విజయవాడ రహదారిమీదికి ఎక్కింది. దానికి నీరు చేరేది చాలామట్టుకు పైన ఖమ్మం, వరంగల్లు నేలమీద. ఆ నేల ఆనాడు నైజాంది. నందిగామ, జగ్గయ్యపేట గరాటులు రెండూ ఎండిపోయి ఉన్నా ఏరు పొంగవచ్చు. మదరాసువారి పట్టికలో ఆ వానకు గడే లేదు.