చెట్టు చెప్పిన సాక్ష్యం

గోరుపై అడ్డంగా పడిన గాడిని చూసి, ఈ మనిషి కొద్ది నెలల క్రితం పెద్ద జబ్బు చేసి లేచాడని వైద్యుడు చెప్పగలడు. వాటిని ‘బో రేఖలు’ అంటారు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది గనుక, గాడి ఎంత ముందుకు జరిగిందో కొలిస్తే జబ్బు చేసిన కాలం కూడా తెలుస్తుంది. అయితే గోరు ఆరు నెలల్లో మొత్తం మారిపోతుంది. అంతకు ముందటి సంగతి దానిని అడిగి ప్రయోజనం లేదు. చెట్టు అలా కాదు. అది తనకు పడిన దెబ్బలను వందల ఏళ్లపాటు కాండంలోనే దాచుకుంటుంది.

శీతల దేశాల్లో చెట్టు వసంతంలో వెడల్పైన కణాలతో లేత రంగు కలపను, వేసవి చివర మందపు గోడల కణాలతో ముదురు రంగు కలపను కడుతుంది. చలికాలంలో పెరుగుదల ఆగిపోతుంది. లేత, ముదురు పట్టీలు రెండూ కలిసి ఒక వలయం, ఒక సంవత్సరం. ఈ లెక్కను శాస్త్రంగా మలచినవాడు వృక్షశాస్త్రజ్ఞుడు కాడు, ఆండ్రూ ఎల్లికాట్ డగ్లస్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. సూర్యుని మచ్చల ఆవృత్తి భూమి వాతావరణంపై ఏమైనా ముద్ర వేసిందా అని ఆరిజోనా పైన్ చెట్లలో వెదుకుతూ ఆయన ఈ విద్యకు పునాది వేశాడు. దానికి చెట్టును నరకనక్కర లేదు. బోలుగా ఉన్న సన్నని బర్మాను కాండంలోకి తిప్పితే పెన్సిల్‌కన్నా సన్నని కలప కడ్డీ బయటికి వస్తుంది. ఎముక మజ్జ పరీక్షకు మేము సూది దించే పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే.

ఈ సాక్ష్యం అంతర్జాతీయ న్యాయ వివాదం వరకూ వెళ్లిన ఉదంతం ఒకటి ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, అమెరికా సరిహద్దుకు సుమారు 11 కిలోమీటర్ల ఎగువన, కొలంబియా నది ఒడ్డున ట్రెయిల్ అనే ఊరు. 1896లో అక్కడ లోహాలు కరిగించే కర్మాగారం వెలసింది. క్రమంగా సీసం, జింకు ఉత్పత్తిలో అది పెద్దదయింది. 1925, 1927 సంవత్సరాల్లో 409 అడుగుల ఎత్తైన పొగగొట్టాలు రెండు లేచాయి. ఎత్తు పెంచితే పొగ చెదిరిపోతుందన్నది ఆనాటి నమ్మకం. ఇరుకైన ఆ నదీలోయలో పొగ దిగువకు ప్రయాణించి, సరిహద్దు దాటి వాషింగ్టన్ రాష్ట్రంలోని నార్త్‌పోర్ట్ రైతుల మీద పడింది. 1930 నాటికి నెలకు దాదాపు 10,000 టన్నుల గంధకం గాలిలో కలుస్తూ ఉండేది.

తరువాతి పరిశీలనల్లో ఒక విశేషం బయటపడింది. రాత్రంతా లోయపై భాగాన పొరలా నిలిచిన పొగ, ఉదయం ఎండ తగిలి గాలి కదలగానే లోయ పొడవునా ఒకేసారి కిందికి దిగుతుంది. ఆకుల రంధ్రాలు వెలుగుకు తెరచుకునే వేళ కూడా సరిగ్గా అదే. సల్ఫర్ డయాక్సైడ్ ఆ రంధ్రాల గుండా లోపలికి పోయి, తేమలో కరిగి ఆమ్లమై కణాలను చంపుతుంది. సూది ఆకుల చెట్లు తమ ఆకులను ఏళ్ల తరబడి నిలుపుకుంటాయి గనుక, ఒక ఏటి నష్టం మరుసటి ఏటికి కూడా సంక్రమిస్తుంది. ఆకు తగ్గితే ఆహారం తగ్గుతుంది, వలయం సన్నబడుతుంది.

రైతులు ఫిర్యాదు చేస్తే, చెట్లు ఎండడానికి అనావృష్టి, పురుగు, కార్చిచ్చు కారణం కావచ్చు గదా అన్న ప్రశ్న ఎదురయింది. ప్రశ్న అన్యాయమైనది కాదు. కరవు ఏడు కూడా వలయాన్ని సన్నగానే గీస్తుంది. అందుచేత కర్మాగారానికి వేర్వేరు దూరాల్లోని చెట్లనుండి కడ్డీలు తీశారు. అదే వాన, అదే చలి అనుభవిస్తూ పొగకు మాత్రం దూరంగా ఉన్న చెట్లతో పోల్చారు. కరవు అందరినీ సన్నబరుస్తుంది. పొగ తన దారిలో ఉన్నవాటినే సన్నబరుస్తుంది. మందుల పరీక్షలో మందు ఇవ్వని రోగుల వర్గాన్ని పక్కన పెట్టుకోవడం వంటిదే ఇది. 1939లో కెనడా జాతీయ పరిశోధన మండలి ఈ ప్రాంతపు పరిశోధనలను గ్రంథంగా ప్రచురించినప్పుడు, సూది ఆకుల చెట్ల కాండపు పెరుగుదలకు అందులో ప్రత్యేక స్థానం దక్కింది.

ఇక తీర్పు సంగతి. 1932కు పూర్వపు నష్టానికి 3,50,000 డాలర్లు ఇవ్వాలని ఉభయ దేశాల సంయుక్త సంఘం 1931లోనే సూచించింది. 1935 ఒప్పందంతో ఏర్పడిన ముగ్గురు సభ్యుల న్యాయమండలి 1938లో, తరువాతి కాలానికి 78,000 డాలర్లు నిర్ణయించింది: సాగుభూములకు 62,000, అడవి వంటి సాగుకాని భూములకు 16,000. పశునష్టానికీ నార్త్‌పోర్ట్ ఊరి ఆస్తులకూ ఏమీ రాలేదు. 1941 తుది తీర్పులో మాత్రం, తన నేలనుండి వెలువడే పొగతో పొరుగు దేశానికి తీవ్రమైన హాని కలిగించే హక్కు ఏ రాజ్యానికీ లేదని మండలి ప్రకటించింది. పర్యావరణ న్యాయశాస్త్రం చదివేవారు నేటికీ దీనితోనే మొదలుపెడతారు.

నాకు ఆసక్తి కలిగించేది ఆ పట్టికలో లేని పద్దు. పైన్ చెట్టు ఎంత సన్నబడిందో లెక్క కట్టారు. ఆ పొలాల్లో ఉదయాన్నే పనికి దిగిన మనిషి ఊపిరితిత్తులకు పద్దు లేదు. 1952 డిసెంబరులో లండన్ పొగమంచు వేల ప్రాణాలు తీసిన తరువాతగాని ఆ ప్రశ్న ప్రభుత్వాలను గట్టిగా కదిలించలేదు. నా ఉద్యోగకాలంలో సున్నపు బట్టీల దగ్గర కాపురమున్న ఉబ్బసం రోగులను చాలామందిని చూశాను. ఎప్పటినుండి ఆయాసం అని అడిగితే, “ఎప్పటినుంచో ఉంది, డాక్టరు బాబూ” అనేవారు. ఆ మాటతో కేసు షీటులో ఏ సంవత్సరం రాయను?

మన ఉష్ణదేశంలో చాలా చెట్లకు స్పష్టమైన ఏటి వలయాలుండవు. టేకు అందుకు మినహాయింపు. ఎండాకాలంలో ఆకు రాల్చి, వానలతో చిగిర్చే చెట్టు గనుక ఏటేటా గీత గీస్తుంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ టేకు వలయాలనుండి పాత రుతుపవనాల చరిత్రను చదివింది. ఈసారి టింబరు డిపోకు వెళ్లినప్పుడు టేకు దుంగ కోసిన ముఖాన్ని చూడండి. బెరడునుండి లోపలికి లెక్కిస్తూ మీరు పుట్టిన సంవత్సరం దాకా వెళ్లండి. ఏ వలయమైనా మరీ సన్నగా కనబడితే, ఆ ఏడు వానలు ఎలా పడ్డాయో ఇంట్లో పెద్దలను అడగండి.