ఇత్తనాల డబ్బాలో మా 1999

మొన్న దసరా సెలవులకి మా అబ్బాయి ఇంటికొచ్చినప్పుడు అటక దులిపించాను. నా పెళ్లినాటి ట్రంకు పెట్టె కిందికి దిగింది. అందులో పట్టుచీర అడుగున ఒక బిస్కెట్ డబ్బా. మూత తీస్తే మూడు ఫ్లాపీలు, ఒక సీడీ, బూడిద రంగులో అగ్గిపెట్టెంత ప్లగ్గు ఒకటి. ఫ్లాపీల మీద నా చేతిరాతే: జేజి 1, జేజి 2, జేజి 3.

కాసేపు అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

1999 సంగతి ఇది. డిగ్రీ అయిపోయింది, టైపు లోయర్ పాసయ్యాను, మూడు నెలలు డీటీపీ నేర్చుకున్నాను. ఇంక పెళ్లే అని అందరూ అనుకుంటుంటే, మా నాయన ఆ ఏడు శెనక్కాయలు అమ్మిన డబ్బుకి కొంత అప్పు కలిపి 42 వేలు పెట్టి కంప్యూటర్ కొన్నాడు. మా అనంతపురంలో సగటు వానే ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అదీ పడాల్సినప్పుడు పడదు. అలాంటి చోట పంట చేతికొచ్చిన ఏడాది బోరు వేయించకుండా ఆడపిల్లకి కంప్యూటర్ కొన్నాడని ఊళ్లో ఎంత మంది నవ్వారో! "బోరులో నీళ్లు పడతాయో లేదో తెలీదు, పాప చేతిలో పని ఉంటే ఎండిపోదు" అన్నాడు నాయన.

ముందు గదిలో పెట్టుకున్నాం. చెప్పులు బయటే విడవాలి. దుమ్ముగాలికి భయపడి అమ్మ పాత చీర చించి మానిటర్‌కి, కీబోర్డుకి తొడుగులు కుట్టింది. ఆయుధ పూజకి మౌస్‌కి కూడా కుంకుమ బొట్టు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు వచ్చేవి. 1940లలోనే మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ, 1981లో వచ్చిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు కాబట్టి టైపు పనికి కరువు లేదు.

మధ్యాహ్నం పని లేనప్పుడు జేజి వచ్చి పక్కన కూర్చునేది. నాయన వాళ్లమ్మ. "నేను చెప్తా, నువ్వు కొట్టు" అనేది. 1950ల మొదట్లో రాయలసీమలో కరువు వచ్చి గంజి కేంద్రాలు పెట్టినప్పుడు ఆమెకి ఇరవై రెండేళ్లు. నాయన చంకలో పిల్లవాడు. ఆ ముచ్చట్లన్నీ చెప్పేది, నేను కొట్టేదాన్ని. మూడు ఫ్లాపీలు నిండాయి. 2001లో నా పెళ్లయింది, 2002లో జేజి పోయింది. ప్రింట్ తీసిన కాగితాలు ఇల్లు మారినప్పుడు ఎటో పోయాయి. మిగిలింది ఈ బిస్కెట్ డబ్బానే.

"దానికేముంది అమ్మా, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ దొరుకుతుంది" అని మా వాడు రెండు రోజుల్లో తెప్పించాడు. మొదటి రెండు ఫ్లాపీలు చదివింది. మూడోదాని లోపలి పళ్లెం మీద తెల్లగా బూజు, అది చదవలేదు. వచ్చిన ఫైళ్లు పేజ్‌మేకర్‌వి. వాడి ల్యాప్‌టాప్‌లో తెరవడానికి ఏమీ లేదు. ఎలాగో లోపలి అక్షరాలు బయటికి లాగితే తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, టోపీ పెట్టుకున్న ఏలు. "అమ్మా, ఇవి పాడైపోయినట్టున్నాయి" అన్నాడు.

పాడవలేదు. ఆ కాలంలో మా తెలుగంతా అలాగే ఉండేది. ఇది ఈ కాలం పిల్లలకి తెలీదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక నెంబర్ ఉంటుంది. భారతీయ భాషలకి అలాంటి నెంబర్ల పద్ధతి ఒకటి ఇస్కీ పేరుతో 1991లో ప్రమాణంగా వచ్చింది. అదే ఏడాది యూనికోడ్ మొదటి రూపంలోనూ తెలుగుకి చోటిచ్చారు. పుణేలోని సీ-డాక్ వాళ్లు జిస్ట్ కార్డు అని ఒక కార్డు ఇచ్చేవాళ్లు, దాన్ని కంప్యూటర్‌లో పెడితే తెలుగు వచ్చేది. ఇవన్నీ ఉన్నా, మా డీటీపీ సెంటర్ల దాకా వచ్చింది వేరే దారి. ఇంగ్లీషు అక్షరాల గళ్లలోనే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంటు. 'ఎ' నెంబర్ ఉన్న చోట ఒక తలకట్టు, ఇంకో గుర్తు ఉన్న చోట ఒక ఒత్తు. గళ్లు ఉన్నవే రెండు వందల చిల్లర. మన గుణింతాలూ ఒత్తులూ అన్నీ వాటిలో పట్టవు కదా! అందుకని ముక్కలు ముక్కలుగా పెట్టి, టైపు చేసేటప్పుడు అతికించేవాళ్లం, రవికెకి చేతులు విడిగా కుట్టి తగిలించినట్టు. ఒక్కో కంపెనీ ఫాంటులో గళ్ల వరస ఒక్కో రకం. 2000 తర్వాత కూడా ఒక్కో పత్రిక వెబ్‌సైటుకి ఒక్కో ఫాంటు దించుకున్న రోజులు మీలో చాలా మందికి గుర్తుండే ఉంటాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చాకే యూనికోడ్ తెలుగు మామూలు ఇళ్లలోకి రావడం మొదలైంది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా పుట్టింది. మా జేజి మాటలు ఆ గీతకి ఇవతల ఉండిపోయాయి.

ఆ బూడిద రంగు ప్లగ్గు ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది. మా తెలుగు ప్యాకేజీ తాళం అది. ప్రింటర్ పోర్టుకి తగిలిస్తేనే తెలుగు పలుకుతుంది. ఈ కాలం ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టే లేదు. సీడీ ఉంది, తాళం ఉంది, తలుపే లేదు. "అయితే తలుపు మనమే చేద్దాం" అన్నాడు మా వాడు.

పాత కంప్యూటర్లు మళ్లీ కట్టుకోవడం ప్రపంచమంతా ఒక సరదా అట. వాళ్లలో ఒక పట్టింపు: ఏ ఏడాది కంప్యూటర్ కడితే ఆ ఏడాది సామానే వాడాలి. వాడికి అది సరదా, నాకు అవసరం. అసలు మా కంప్యూటర్ ఏమిటో ముందు తేలాలి. బిల్లు లేదు, ఫోటో లేదు. 2006లో మా అన్న పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు.

వాడు ముందుగా చూపించింది లేత పసుపు డబ్బా, ముందు టర్బో బటన్, ఎర్ర అంకెలు వెలిగే చిన్న అద్దం. ముచ్చటగానే ఉంది. కానీ అది మాది కాదు. 1981 నాటి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఆ వేగాన్ని నమ్ముకుని రాసిన ఆటలు తర్వాతి కంప్యూటర్లలో పిచ్చి వేగంతో పరిగెత్తేవి. నెమ్మది చేయడానికి పెట్టిన బటన్‌కే టర్బో అని పేరు! ఆ అంకెల అద్దం వేగాన్ని కొలవదు కూడా. వెనకాల చిన్న పిన్నులు తగిలించి ఏ అంకె కావాలంటే ఆ అంకె చూపించుకోవచ్చు. అది 386, 486ల కాలం మోజు. మా దానికి లేదు.

"ఏటీనా, ఏటీఎక్సా?" అని అడిగాడు. నాకేం తెలుసు! వాడే ఇంకోలా అడిగాడు. "ఆపేటప్పుడు ఏం చేసేదానివి?" షట్‌డౌన్ నొక్కితే నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలు వచ్చేవి, ఇప్పుడు ఆపుకోవచ్చు అని. అప్పుడు నేనే బటన్ నొక్కి ఆపేదాన్ని. "కీబోర్డు పిన్ను?" బొటనవేలంత లావు, గుండ్రంగా. వాడి మొహం వెలిగిపోయింది. "అయితే ఏటీ!" ఇంటెల్ వాళ్లు 1995లోనే ఏటీఎక్స్ తెచ్చారు. అందులో కంప్యూటర్ తనంతట తనే ఆగిపోతుంది. మరి 1999లో మాకు పాత రకం ఎందుకు? పెంటియం 2తో ఇంటెల్ కొత్త రకం స్లాటుకి వెళ్లిపోయింది. ఏఎండీ మాత్రం పాత సాకెట్‌నే సాగదీసి, 1998లో కే6-2 అని చవక ప్రాసెసర్ ఇచ్చింది. దానికి పాత కొలత బోర్డూ సరిపోయేది, పాత డబ్బా కూడా. నాయన దగ్గరున్న డబ్బుకి అదే వచ్చింది. నా ఒక్క జ్ఞాపకంలోంచి ఇంత చరిత్ర బయటికి లాగాడు వాడు. ఇంట్లో ఆడవాళ్లకి గుర్తుండే చిన్న చిన్న విషయాలు కూడా దస్తావేజులేనని నాకు అప్పుడు అనిపించింది.

అమ్మకి ఫోన్ చేసి ఊరికే చెప్తున్నాను, డబ్బా కోసం వెతుకుతున్నామని. "ఆ రేకు డబ్బానా? యాడికి పోయింది, నా దగ్గరే ఉండాదే! మీ అన్న లోపలి సామానంతా అమ్మేస్తే ఖాళీ డబ్బా నేనే పెట్టుకున్యా. ఇత్తనాలు దాచుకుంటాండా. ఎలకలు కొట్టవు" అంది.

మర్నాడే వెళ్లాం. కొట్టం మూల, బీరకాయ, అనుములు, అలసంద పొట్లాలతో మా 1999. పక్క రేకు విప్పి వెనక చూస్తే కీబోర్డుకి ఒకే ఒక గుండ్రటి చిల్లు. మా వాడు చెప్పింది అక్షరాలా నిజం. ముందు భాగం పసుపెక్కిపోయింది. ఆ ప్లాస్టిక్‌లో మంట అంటకుండా కలిపే బ్రోమిన్ మందు వల్ల ఎండకి అలా అవుతుందట. హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే మళ్లీ తెల్లబడుతుందట. వద్దన్నాను. ఇరవై ఆరేళ్లకి నా జుట్టూ మారింది కదా!

లోపలి సామాను కోసం వాడు బెంగళూరు ఎస్పీ రోడ్డు పాత దుకాణాలన్నీ తిరిగాడు. రెండు వారాల్లో కే6-2 బోర్డు దొరికింది. అందులో గుండు బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ ఉండడం మంచిదైంది. అంతకు ముందు 486 బోర్డుల మీద అతికించిన పీపా బ్యాటరీలు కారిపోయి రాగి గీతల్ని తినేస్తాయి. కెపాసిటర్లు ఉబ్బాయేమో ఒక్కొక్కటే చూశాం. మెమరీ 64 ఎంబీ పెట్టాం. వాడు చాలా ఎక్కువ పెడదామన్నాడు గానీ, 512 ఎంబీ దాటితే విండోస్ 98కే తలనొప్పి.

రెండు చోట్ల మాత్రం కాలం నియమం తప్పాం. పాత హార్డ్ డిస్క్‌ని నమ్మలేక కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు పెట్టాం. కరెంటు దగ్గర నేనే మొండికేశాను. ఏటీ డబ్బాలో ముందున్న బటన్ వరకు 230 వోల్టుల కరెంటు నేరుగా వస్తుంది. అప్పుడు మేము దాన్ని తడి చేత్తో కూడా నొక్కేవాళ్లం! పైగా ఆ కాలం పవర్ సప్లై నుంచి బోర్డుకి రెండు ప్లగ్గులు వస్తాయి, నల్ల తీగలు రెండూ మధ్యలో పక్కపక్కన ఉండాలి. తిరగేస్తే బోర్డు కాలిపోయినట్టే. కొత్త పవర్ సప్లై పెట్టి, దానికి మధ్యలో అడాప్టర్ వేశాం. "ఇది ఒరిజినల్ కాదు" అని వాడు గొణిగాడు. ప్రాణం కూడా ఒరిజినలే నాన్నా, ఇంకోటి దొరకదు అన్నాను.

దీపావళి ముందు ఆదివారం. విండోస్ 98 ఎక్కింది. సీడీ తిరిగింది. ప్యారలల్ పోర్టుకి తాళం తగిలించి, పేజ్‌మేకర్‌లో 'జేజి 1' తెరిచాను. మానిటర్ మీద ముందు పెట్టెలు పెట్టెలుగా వచ్చి, ఫాంటు మార్చగానే తెలుగు. మా జేజి తెలుగు.

"ముంత పట్టుకొని నిలబడినా. ఎండ. మీ నాయన ఏడుస్తాండె. నా ముందర ఒక పెద్దింటామె, కొంగు మొగం నిండా కప్పుకొని. గంజి పోసేటోడు పేరు అడిగితే చెప్పలా. నేను నా చెల్లెలు అని చెప్పినా. ఆ పొద్దు నుంచి ఆమె నా చెల్లెలే."

ఇది నేనే కొట్టాను. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, స్పీడు పెరుగుతుందని కొట్టాను. అప్పుడు ఆ మాటల్లో ఏముందో నాకు పట్టలేదు. మా ఇంటికి పెళ్లికీ పేరంటానికీ వచ్చే, ఏ వరసా తెలియని ఒక చిన్నజేజి ఎవరో నాకు ఇప్పుడు తెలిసింది. అమ్మ చదవమంది. చదివాను. నాయన ఫోటో కింద కూర్చుని మా వాడు విన్నాడు. ఎవరూ మాట్లాడలేదు.

రెండు ఫ్లాపీల్లో కలిపి పంతొమ్మిది పేజీలు. రోజూ మధ్యాహ్నం రెండేసి పేజీలు చూసి ఫోన్‌లో యూనికోడ్‌లో మళ్లీ కొడుతున్నాను. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట గానీ, ఒత్తులు తప్పుతాయని భయం. అదీగాక నాకు మళ్లీ ఒకసారి కొట్టాలని ఉంది. మూడో ఫ్లాపీ బూజు తుడిచి చూశాం, రాలేదు. అందులో ఏముందో గుర్తు తెచ్చుకుందామంటే "కాకి" అనే ఒక మాట తప్ప ఏమీ గుర్తు రావడం లేదు.

మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి ఫ్లాపీలు, సీడీలు ఉంటే ఈ వారమే తీసి చూడండి. చదవగలిగినవి కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి. కాగితానికి తాళం అక్కర్లేదు.

అమ్మ నిన్న ఫోన్ చేసింది. జేజి ముచ్చట్లు బాగున్నాయట గానీ, ఇత్తనాల పొట్లాలన్నీ మంచం కింద పడి ఉన్నాయట. "మీ పని అయిపోతే నా డబ్బా నాకు తెచ్చియ్యి పాపా" అంటోంది. ఒక స్టీలు డబ్బా కొన్నాను. అది నచ్చుతుందో లేదో మరి.