ముంగురులు
నుదుటిపై అడ్డముగను తిన్నగను కత్తిరించిన ముందుజుట్టును సైతము నేడు కొందరు ముంగురులనుట వినుచున్నాను. మును, కురులు అను రెండు పదములు కలిసి, ముంజేయి, ముంగాలు అను మాటలలోవలెనే, ఈ మాట యేర్పడినది. కురులనగా నిప్పుడు కేశములన్నియు నగుచున్నను, తమిళమందలి సోదరపదమగు కురుళ్ అనుదానికి సుడి తిరిగిన కేశమను అర్థము నిలిచియుండుటను బట్టి, తొలుత ఉంగరములు చుట్టిన జుట్టునకే యా పేరు చెల్లియుండునని తోచును. సంస్కృతమందలి అలకములును వంపుకురులే. అవి లలాటముపై వ్రాలినప్పుడు అమరసింహుడు వానికి తుమ్మెదపేరు చేర్చి భ్రమరకములనెను. మన యింటి యలకకు వీనితో చుట్టరికమున్నట్లు కానరాదు గాని, శ్లేషప్రియులకు అది యడ్డు కాదు. స్వయముగ వ్రాలు ముంగురులు కత్తెరతో తీర్చుకొను వేషమగుటకు మన దేశమున సినిమా మిక్కిలి తోడ్పడినది: 1960లో వెలువడిన ‘లవ్ ఇన్ సిమ్లా’ చిత్రమున నటి సాధన విశాలఫాలము కొంత మరుగుపడుటకై, దర్శకుడు ఆర్.కె. నయ్యర్ ఆడ్రీ హెప్‌బర్న్ తీరున ముందుజుట్టు కత్తిరింపజేయగా, అది ‘సాధన కట్’ అను పేర దేశమెల్ల వ్యాపించెను. వెడల్పు నుదురునకు అది చక్కగ నొప్పును. ఇరుకు నుదురునకు మాత్రము కనుబొమలపై చూరు దింపినట్లుండును గనుక, అట్టివారు పాపట నొక ప్రక్కకు తీసి, కురులను వాలుగ జార్చుకొనుట మేలని నా యభిప్రాయము.