పిండి బస్తా నుంచి పూల గౌను

పందొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా అమెరికాలో గోధుమపిండి ఎక్కువగా చెక్క పీపాల్లోనే వచ్చేది. ఒక్కో పీపాలో 196 పౌన్ల పిండి, అంటే దాదాపు 89 కిలోలు. పీపాను దొర్లించుకుపోవచ్చు, ఎలుకలకు అంత తేలిగ్గా లొంగదు. కాకపోతే బరువెక్కువ, ఖర్చెక్కువ. గుడ్డసంచి చవకే గానీ చేత్తో వేసిన కుట్టు అంత బరువుకు ఆగేది కాదు. 1846లో ఇలయాస్ హౌ కుట్టుమిషనుకు పేటెంటు తీసుకున్నాక ఆ చిక్కు మెల్లగా విడిపోయింది. మిషను కుట్టు బరువును మోసింది.

పీపా వెళ్లిపోయినా దాని గుర్తులు మాత్రం చాలాకాలం ఉండిపోయాయి. సంచుల్లో పిండి 98 పౌన్లు, 49 పౌన్లు అంటూ పీపాలో సగం, పావు లెక్కన నింపేవారు. సంచి కొలతను తినేవాళ్ల ఆకలి ఎప్పుడూ నిర్ణయించదు. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న బియ్యం సంచుల మీద జీఎస్టీ పడగానే తెలుగు రాష్ట్రాల కొట్లలో 26 కిలోల బస్తాలు ప్రత్యక్షమైన సంగతి తెలిసిందే. మిల్లు ముద్రల్లోనూ పీపా గుర్తు అలాగే ఉండిపోయింది. గుండ్రటి పీపా మూత మీద వేయడం కోసం గీసిన గుండ్రటి బొమ్మలే చదునైన సంచి మీదా కొనసాగాయి. నడుమ బొమ్మ, చుట్టూ మిల్లు పేరు, ఊరి పేరు, బరువు.

ఆ ముద్రే పల్లెటూరి ఆడవాళ్లకు పెద్ద తలనొప్పి అయింది.

సంచి ఖాళీ అయ్యాక చేతిలో మిగిలేది మంచి నూలుగుడ్డ. దాన్ని పారేసేంత స్తోమత ఏ రైతు ఇంటికీ ఉండేది కాదు. సంచి మూతికీ పక్కలకూ గొలుసుకుట్టు వేసేవారు. బియ్యం బస్తా విప్పిన వాళ్లెవరికైనా ఆ కుట్టు తెలుసు. సరైన కొస దొరికితే ఒక్క లాగుకు సర్రున ఊడొస్తుంది, పొరపాటున రెండో కొస పట్టుకుంటే చిక్కుపడి కూర్చుంటుంది. ఊడిన దారాన్ని ఉండగా చుట్టి దాచేవారు. దాంతో క్రోషే అల్లేవారు, బొంతలు కుట్టేవారు. ఇక మిగిలిన పని ముద్ర చెరపడం. సిరా మీద పందికొవ్వు రుద్ది రాత్రంతా ఉంచడం, లేదా కిరసనాయిలులో నానబెట్టడం, ఆపైన ఇంట్లో కాచిన ఘాటు సబ్బుతో ఉతకడం, ఎండేయడం, మళ్లీ ఉతకడం. ఒక్కోసారి ఎంత ఉతికినా అక్షరాలు పోయేవి కావు. అలాంటి గుడ్డ లోదుస్తులకు వెళ్లేది. గాలికి గౌను లేచిన పిల్ల వెనక మిల్లు పేరు కనిపించిందనే హాస్యం ఆ తరం వాళ్లు చెప్పుకున్న కథల్లో తరచూ వినిపిస్తుంది. నవ్వుతూ చెప్పినా ఆ పిల్లకు అది నవ్వులాట అయి ఉండదు.

సరిగ్గా ఇదే సంచి, ఇదే ముద్ర అట్లాంటిక్ అవతల ఇంకో దారి పట్టాయి. 1914 ఆగస్టులో జర్మనీ బెల్జియంలోకి చొరబడింది. తిండిగింజలు చాలావరకు దిగుమతి చేసుకునే దేశమది. సముద్రం మీద బ్రిటన్ దిగ్బంధం పెట్టడంతో ఆకలి ముంచుకొచ్చింది. అప్పుడు లండన్‌లో ఉన్న హెర్బర్ట్ హూవర్ అనే అమెరికన్ గనుల ఇంజనీరు నాయకత్వంలో అక్టోబరులో ఒక సహాయ సంఘం ఏర్పడింది. అమెరికా, కెనడాల నుంచి ఓడల్లో పిండి దిగింది. పిండితో పాటు లక్షల ఖాళీ సంచులూ మిగిలాయి. ఆ సంచుల మీద సంఘం గట్టి నిఘా పెట్టింది. నూలుతో పేలుడు మందు చేయవచ్చు కాబట్టి అవి జర్మన్ సైన్యానికి చిక్కకూడదు. అమెరికా ముద్ర ఉన్న సంచిలో నాసిరకం పిండి పోసి అమ్ముకునే వాళ్లకూ దొరకకూడదు. అందుకని లెక్కపెట్టి మరీ కుట్టు బడులకు, కాన్వెంట్లకు, పని పోయిన ఆడవాళ్ల కోసం తెరిచిన కుట్టు కేంద్రాలకు పంచారు.

బెల్జియం అంటేనే లేసుకు పేరుపడ్డ దేశం. అక్కడి అమ్మాయిలు ముద్రను చెరపలేదు. మిల్లు పేరులోని ఒక్కో అక్షరం వెంబడి రంగుదారంతో కుట్టు వేశారు. గోధుమ కంకులకు, పువ్వులకు, జంతువులకు దారంతో రంగు నింపారు. చుట్టూ లేసు కట్టారు. పక్కన రెండు దేశాల జెండాలు, బెల్జియం సింహం, 1914, 1915 అంకెలు, అమెరికాకు కృతజ్ఞతలంటూ ఒక వాక్యం చేర్చారు. కాన్సస్‌లోనో మిన్నెసోటాలోనో ఒక మిల్లు యజమాని తన సరుకు కోసం అచ్చేసుకున్న గుర్తు దిండుగలీబు అయింది, చేతిసంచి అయింది, బల్లగుడ్డ అయింది. కొన్ని అమ్మి సహాయనిధికి డబ్బు సమకూర్చారు, కొన్ని కానుకలుగా అమెరికా చేరాయి. అయోవా రాష్ట్రం వెస్ట్ బ్రాంచ్‌లో హూవర్ పేరిట ఉన్న అధ్యక్ష గ్రంథాలయంలో వందల సంచులు భద్రంగా ఉన్నాయి. ఆకలితో ఉన్నవాళ్లు కుట్టిన కుట్లలో ఇంత ఓపిక ఎక్కడిదా అని వాటిని చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది. ఓపికతో పాటు అవసరమూ ఉంది, ఆ కుట్టుపనికి కూలి ముట్టేది.

హూవర్ 1929 మార్చిలో అమెరికా అధ్యక్షుడయ్యాడు. అక్టోబరులో స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. పరాయి దేశపు ఆకలి తీర్చిన మనిషి పేరు సొంత దేశంలో తిట్టుగా మారింది. నిరాశ్రయుల గుడిసెల వాడలను ‘హూవర్‌విల్’ అన్నారు, కప్పుకోవడానికి దొరికిన పాత వార్తాపత్రికను ‘హూవర్ దుప్పటి’ అన్నారు. పల్లెల్లో చేతికి డబ్బు అందడం గగనమైపోయిన ఆ రోజుల్లోనే పిండిసంచి గుడ్డకు అసలైన గిరాకీ వచ్చింది.

ఆడవాళ్లు సంచులతో ఏం చేస్తున్నారో అప్పటికే కొందరు వ్యాపారులు గమనించారు. 1924లో మిజోరికి చెందిన ఎసా బేల్స్ అనే ఆయన ఒక సంచికి పేటెంటు తీసుకున్నాడు. బట్టలు కుట్టుకోవడానికి పనికొచ్చే అచ్చుగుడ్డతోనే సంచి చేయడం, అంతే సంగతి. సెయింట్ లూయిస్‌లోని జార్జ్ పి. ప్లాంట్ మిల్లు ఆ పద్ధతిన గళ్ల గుడ్డలో పిండి పోసి ‘గింగామ్ గర్ల్’ పేరుతో 1925లో అమ్మింది. ఆ పిండి పక్క మిల్లు పిండి కన్నా గొప్పదేమీ కాకపోవచ్చు. అయినా కొట్లో అమ్మకం జరిగేది గుడ్డను చూసే కదా.

తర్వాతి పదిహేనేళ్లలో పోటీ ముదిరింది. పిండి, పంచదార, ఉప్పు, కోళ్ల దాణా, పశువుల దాణా, ఎరువు, అన్నీ పూలసంచుల్లోకి ఎక్కాయి. సంచుల కంపెనీలు డిజైనర్లను జీతానికి పెట్టుకున్నాయి. చిన్న పువ్వులు, పెద్ద పువ్వులు, చుక్కలు, చారలు, పిల్లలకు బొమ్మలు, వంటింటి కర్టెన్లకు పండ్లు. దిండుగలీబుకు సరిపడేలా అంచు అచ్చేసిన సంచులూ వచ్చాయి. కత్తిరించి దూది కూరితే బొమ్మ తయారయ్యే సంచులు మరికొన్ని. ఇక ముద్ర గొడవకు పరిష్కారంగా నీళ్లతో పోయే సిరా తెచ్చారు, లేదా తడిపితే ఊడొచ్చే కాగితం చీటీ అంటించారు. వెనక్కి తిరిగి చూస్తే విడ్డూరమే. తన పేరు నలుగురికీ కనబడాలని ముద్ర వేసుకున్న మిల్లే, దాన్ని సులువుగా వదిలించుకునే ఉపాయం కొనేవాళ్ల చేతిలో పెట్టింది. పందికొవ్వుతో, కిరసనాయిలుతో ఆడవాళ్లు యాభై ఏళ్లు చేసిన పోరు అలా గెలిచింది.

కొలతలు ఇలా ఉండేవి. 100 పౌన్ల దాణా సంచి విప్పితే సుమారు 36 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల పొడవు గుడ్డ వచ్చేది. పెద్దవాళ్ల గౌనుకు మూడు సంచులు కావాలి, మూడూ ఒకే అచ్చులో. చిక్కంతా అక్కడే. మగవాళ్లు దాణా కొట్టుకు వెళ్లేటప్పుడు ఇల్లాలు ఒక గుడ్డపీలిక జేబులో పెట్టి పంపేది. దానితో సరిపోయే సంచి ఎప్పుడూ గుట్ట అడుగునే ఉండేది. దాణా గురించి మాట్లాడాల్సిన దుకాణదారు నలభై అయిదు కిలోల బస్తాలను ఒక్కొక్కటే పక్కకు దించుతూ పువ్వుల రంగులు పోల్చాల్సి వచ్చేది. దొరక్కపోతే ఇరుగుపొరుగు ఆడవాళ్లు సంచులు మార్చుకునేవారు. గుడ్లు అమ్మిన డబ్బుతో పాటు ఖాళీ సంచులు అమ్మిన డబ్బూ ఇల్లాలి చేతి ఖర్చుకు వచ్చేది. కోడి దాణా సంచి గౌను అయ్యేది, ఆ దాణా తిన్న కోడి గుడ్డు గౌనుకు బొత్తాలు కొనిపెట్టేది.

ఎలా కుట్టాలో నేర్పడానికి పుస్తకాలూ బయల్దేరాయి. నేషనల్ కాటన్ కౌన్సిల్, సంచుల తయారీదారుల సంఘం ‘సూయింగ్ విత్ కాటన్ బ్యాగ్స్’ వంటి చిన్న పుస్తకాలు పంచాయి. కొత్తగా సూది పట్టిన వాళ్లకు అందులో మొదటి పాఠం ఏప్రను, వంటింటి తువ్వాలు, దిండుగలీబు. కత్తిరింపు తక్కువ, సూటి కుట్లు ఎక్కువ. మూలన ఒక పువ్వో, ఇంటిపేరు మొదటి అక్షరమో దారంతో వేస్తే అది ఇక సంచి కాదు. చేయి తిరిగినవాళ్లు చొక్కాలు, గౌన్ల దాకా వెళ్లేవారు. మెడకు తెల్లటి కాలరు, అంచుకు వంకర లేసు పట్టీ, నడుముకు వేరే రంగు బెల్టు.

ఈ అలంకారాల వెనక సరదా ఒక్కటే కాదు, దాపరికమూ ఉంది. సంచిగుడ్డ కట్టడమంటే పేదరికాన్ని ఒంటిమీద వేసుకోవడమే. బడిలో తోటి పిల్లలు గుర్తుపట్టకూడదని తల్లులు రంగు అద్దేవారు, లేసు కట్టేవారు. అయినా ఒక గుర్తు పోదు. గొలుసుకుట్టు ఊడదీసిన చోట సూది రంధ్రాలు వరసగా మిగిలిపోతాయి. పాతబట్టలు సేకరించేవాళ్లు నిజమైన సంచిగుడ్డను ఇప్పటికీ ఆ రంధ్రాలు చూసే పోలుస్తారు. అప్పట్లో తల్లులు మడత లోపల దాచిన రంధ్రాలే ఇప్పుడు ఆ గుడ్డకు ధర పెంచుతున్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం ఆ సిగ్గును కొంత తుడిచేసింది. బట్టల మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, గౌను పొడవుకూ మడతలకూ కూడా హద్దులు గీసింది. సంచిగుడ్డ మాత్రం పరిశ్రమల వాడకం కింద లెక్కకు రావడంతో దొరుకుతూనే ఉంది. పొదుపే దేశభక్తి అన్న ఆ రోజుల్లో పట్నం ఆడవాళ్లూ దాన్ని కుట్టుకున్నారు. 1942 నాటి ఒక అంచనా ప్రకారం 30 లక్షల మంది ఆడవాళ్లు, పిల్లల దగ్గర అచ్చుసంచి గుడ్డతో కుట్టినది కనీసం ఒక్కటైనా ఉంది.

గుడ్డసంచిని చివరకు దెబ్బతీసింది ఫ్యాషన్ కాదు, కాగితం. యుద్ధం ముగిశాక బలమైన కాగితపు సంచులు గుడ్డసంచి కన్నా ఎంతో చవగ్గా వచ్చాయి. వాటికి తిరిగి ఉతికే పని లేదు, పూలు వేయించే పని లేదు. మిల్లులు ఒక్కొక్కటే అటు మళ్లాయి. పత్తి సంఘాలు ఊరుకోలేదు. ఫ్యాషన్ ప్రదర్శనలు పెట్టాయి, సంతల్లో కుట్టు పోటీలు నడిపాయి. 1959లో ‘కాటన్ బ్యాగ్ సూయింగ్ క్వీన్’ పోటీ కోసం కాన్సస్‌లోని కాల్డ్‌వెల్‌కు చెందిన ఒక గృహిణి సంచిగుడ్డతో కుట్టిన గౌను ఇప్పుడు వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో ఉంది. అప్పటికి దాణా కొట్లలో గుడ్డ సంచులు తగ్గిపోయాయి, రెడీమేడ్ గౌన్లు ఊళ్లలోకి వచ్చేశాయి. పిండి సంచి ముద్ర మళ్లీ మిల్లుదే అయింది, ఈసారి కాగితం మీద.