పెన్న ఎగువ సీమలో మానసిక వైద్యం

కర్ణాటకలో పుట్టిన పెన్న, జయమంగళి నదులు కలిసే పరిగి ప్రాంతానికి రాజధానులు పలుమార్లు మారినా, మానసిక వైద్యానికి సంబంధించినంతవరకు దాని చరిత్ర ఆ నదులు దిగివచ్చిన దిక్కుతోనే ముడిపడి ఉంది. పరిగికి సమీపంలోని హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లే కాగా, ఆంధ్రలోని పాత ప్రభుత్వ మానసిక వైద్యశాల రాష్ట్రానికి మరో కొసన, విశాఖపట్నంలో ఉంది.

దేశమంతటా ఈ వైద్యశాలలు ఎంత కొరతగా ఉండేవో 1946 నాటి భోర్ కమిటీ నివేదిక తెలుపుతుంది. ఇంగ్లండులో సుమారు 300 మందికి ఒక పడక ఉండగా, భారతదేశంలో దాదాపు 40,000 మందికి ఒకటి మాత్రమే ఉండేది. జనం పిచ్చాసుపత్రి అని పిలిచిన ఆ చోటికి రోగిని చేర్చడం 1912 నాటి చట్టం కింద మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ముడిపడిన వ్యవహారం కావడం వల్ల, చాలా కుటుంబాలు గాలి సోకిందనో దయ్యం పట్టిందనో భావించి, మొక్కుబడులతోనే సరిపెట్టుకునేవి. వారికి అందుబాటులో మరో దారి లేనందున, దానిని కేవలం మూఢనమ్మకమని తోసిపుచ్చడం న్యాయం కాదు.

ఈ పరిస్థితికి మారుదారి బెంగళూరులో రూపుదిద్దుకొంది. అక్కడ 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, ప్రభుత్వ మానసిక వైద్యశాల 1974లో విలీనమై నిమ్హాన్స్‌గా మారాయి. మరుసటి ఏడు మొదలైన సామాజిక మనోవైద్య విభాగం సకలవార గ్రామం కేంద్రంగా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ ఆరోగ్య కార్యకర్తలకూ మానసిక వ్యాధులను గుర్తించడం, మందులివ్వడం నేర్పింది. నిపుణులే నెలకోసారి తాలూకాలకు వెళ్లి నడిపే శిబిరాలు గౌరిబిదనూరు, మధుగిరి వంటి చోట్ల వెలిశాయి. మొదటిది పెన్న ఒడ్డున, రెండోది జయమంగళి పారే తాలూకాలో ఉన్నందున, పరిగికి ఎగువన రెండు నదుల వెంటా ఈ వైద్యం అడుగుపెట్టినట్లయింది.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆమోదం పొందిన తరువాత, జిల్లా మొత్తానికి ఈ పద్ధతిని వర్తింపజేసే ప్రయోగానికి నిమ్హాన్స్ ఎంచుకున్నది బళ్లారిని. 1882లో అనంతపురం జిల్లా వేరుపడేదాకా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు ఆ బళ్లారి జిల్లాలోనివే కావడం గమనించదగినది. 1985 నుంచి 1990 వరకు సాగిన ఆ ప్రయోగంలో ఆరు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు చేరాయి: తీవ్ర ఉన్మాదానికి క్లోర్‌ప్రోమజైన్, దిగులు వ్యాధికి అమిట్రిప్టిలిన్, మందుల వల్ల కలిగే బిగుతుకూ వణుకుకూ ట్రైహెక్సిఫెనిడిల్, మూర్ఛకు ఫినోబార్బిటోన్, డైఫినైల్ హైడాంటోయిన్, వీటికి తోడు ఫ్లూఫెనజైన్ సూదిమందు. కండరంలో నిలిచి వారాల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి చేరే ఈ సూదిమందు, రోజూ మాత్ర మింగడానికి ఒప్పుకోని రోగి ఉన్న ఇంటికి పెద్ద ఆసరా అయింది. సులువైన రికార్డు, జిల్లా కేంద్రంలో కొద్ది పడకల వార్డు, కేంద్రాల పనిని సమీక్షించే మనోవైద్యుడు ఉంటే, జ్వరానికి మందిచ్చే వైద్యుడే మనోవ్యాధికీ మందివ్వగలడని బళ్లారి చూపింది.

1996లో ఈ నమూనా ఆధారంగా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైనప్పుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన చోటు మెదక్. బళ్లారికి ఆనుకొని ఉన్న అనంతపురం ఆ తొలి జాబితాలో లేదు. నిపుణుల కొరత ఎక్కువగా ఉన్న సరిహద్దు జిల్లాకు, పక్కనే సిద్ధమైన అనుభవాన్ని అందించే అవకాశం అప్పుడు చేజారింది.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ ఈ సేవలను సాధారణ వైద్యంలో అన్ని స్థాయిల్లోనూ కలపాలని నిర్దేశించింది. అయితే అత్యావశ్యక ఔషధాల జాబితాలోని మందులను ఎల్లవేళలా ఉచితంగా ఇవ్వాలన్న హామీని అదే సెక్షన్ సామాజిక ఆరోగ్య కేంద్రం, అంటే అనేక ప్రాథమిక కేంద్రాలకు పై అంచెగా ఉండే ఆసుపత్రి, అక్కడి నుంచి పైకి మాత్రమే వర్తింపజేసింది. బళ్లారి ప్రయోగం ఆ ఆరు మందులనూ ఉంచింది అంతకంటే ఒక మెట్టు కింద, పల్లెకు దగ్గరలోని ప్రాథమిక కేంద్రంలో.